సింప్సన్ ఎడారికి డీజిల్ లెక్క, బండి బరువు లెక్క

మీరు అడిగింది ఇది: బెంగళూరు నుంచి నలుగురు స్నేహితులు. డిసెంబరులో సొంత డీజిల్ థార్‌లో జైసల్మేర్ వెళ్ళి ఇసుక అలవాటు చేసుకుంటారు. వచ్చే జూలైలో ఆస్ట్రేలియా వెళ్ళి అద్దె బండితో సింప్సన్ ఎడారి దాటుతారు. అదనపు డీజిల్‌కు జెర్రీ క్యాన్లు ఎన్ని కావాలి, రూఫ్ ర్యాక్ మీద కట్టొచ్చా, ఒక్క బండి సరిపోతుందా?

ముందు క్లుప్తంగా చెప్పేస్తాను. జైసల్మేర్‌కు క్యాను అవసరం దాదాపు లేదు. సింప్సన్‌కు పెద్ద ట్యాంకున్న డీజిల్ బండి, దానికి తోడు ఒక క్యాను చాలు. క్యాన్లు రూఫ్ మీద వద్దు. ఒక్క బండితో వెళ్ళడం అసలే వద్దు. ఈ నాలుగు జవాబులూ ఒకే లెక్కలోంచి వస్తాయి. ఆ లెక్క మీ చేతికి వస్తే రేపు కచ్ వెళ్ళినా ఒమన్ వెళ్ళినా మీరే వేసుకోగలరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మైలేజీతో మొదలుపెడదాం. హైవే మీద లీటరుకు 12 ఇచ్చే బండి మెత్తటి ఇసుకలో 6కో 7కో పడిపోతుందని ముందే రాసిపెట్టుకోండి. ఇసుకలో టైరు కొంచెం దిగబడుతుంది, ఆ గుంతలోంచి పైకి ఎక్కుతూనే ముందుకు కదలాలి. దానికి తోడు ఫోర్-లో (నాలుగు చక్రాలకూ బలమిచ్చే తక్కువ వేగపు) గేరు, ఏసీ, ఎదురుగాలి, సగం దాకా ఎక్కి వెనక్కి వచ్చి మళ్ళీ ఎక్కిన దిబ్బలు. డ్యాష్‌బోర్డు మీద ఇంకా ఇన్ని కిలోమీటర్లు వెళ్ళొచ్చని చూపించే అంకెను ఇసుకలో నమ్మకండి. అది అప్పటిదాకా కాలిన డీజిల్‌ను బట్టి చెప్పే అంకె. తారు రోడ్డు దిగిన కొత్తలో అది చెప్పేది రోడ్డు మైలేజీయే. దిబ్బ మీద బండి ముక్కు పైకి లేచినప్పుడు ట్యాంకులో డీజిల్ ఒక పక్కకు చేరి ముల్లు కూడా తప్పు చూపిస్తుంది. ట్యాంకు అడుగున కొద్దిగానే మిగిలితే ఆ ఏటవాలులో పంపుకు అందక ఇంజను ఆగిపోవచ్చు. అందుకే థార్ ట్యాంకు 57 లీటర్లని కంపెనీ చెప్పినా నేను 50 అనే పట్టుకుంటాను.

ఇప్పటి నుంచే ఒక చిన్న నోటుబుక్కు బండిలో పెట్టండి. ట్యాంకు ఫుల్ చేయించిన ప్రతిసారీ లీటర్లు, కిలోమీటర్లు, దారి ఎలాంటిదో రాయండి. బెంగళూరు నుంచి జైసల్మేర్ దాదాపు 2000 కిలోమీటర్లు. వెళ్ళేసరికి లోడుతో మీ బండి అసలు మైలేజీ ఎంతో తెలిసిపోతుంది. అక్కడ ఇసుకలో ఒక రోజు తిరిగి మళ్ళీ ఫుల్ చేయిస్తే ఇసుక మైలేజీ కూడా తెలుస్తుంది. ఎవరో చెప్పిన అంకె కన్నా ఈ రెండంకెలు విలువైనవి.

జైసల్మేర్ సంగతి తొందరగా ముగిస్తాను. జైసల్మేర్, రామ్‌గఢ్, తనోట్, లోంగేవాలా చుట్టు మొత్తం 300 కిలోమీటర్ల లోపే. అంతా తారు రోడ్డు. జైసల్మేర్‌లో ఫుల్ చేయించి, రామ్‌గఢ్‌లో కావాలంటే ఇంకొంచెం కొట్టించుకోవచ్చు. సమ్ దగ్గర దిబ్బల్లో మీరు తిరిగేది పదుల కిలోమీటర్లే. సరిహద్దు వైపు ఎక్కడి దాకా వెళ్ళొచ్చో జిల్లా అధికారులనూ బీఎస్ఎఫ్ వాళ్ళనూ అడిగి, వాళ్ళు చెప్పినంత వరకే వెళ్ళండి. ఒక్క మాట మాత్రం మనసులో పెట్టుకోండి. అక్కడి డెజర్ట్ నేషనల్ పార్కు 3162 చదరపు కిలోమీటర్లు. మన రోళ్ళపాడు అభయారణ్యాన్ని ఏ పక్షి కోసం పెట్టారో ఆ బట్టమేక పిట్టకు ఇప్పుడు మిగిలిన పెద్ద ఆధారం ఆ ప్రాంతమే. అది గుడ్డు నేల మీదే పెడుతుంది, సాధారణంగా ఒక్కటే. పార్కు పరిధిలో దారి తప్పించి బండి నడపకండి. స్థానిక గైడును తీసుకుంటే దిబ్బలెక్కడ అనుమతిస్తారో వాళ్ళే చూపిస్తారు.

ఇక సింప్సన్. ఎడారికి పడమట ఉన్న మౌంట్ డేర్‌లో డీజిల్ కొట్టించుకుంటే మళ్ళీ పంపు తూర్పున ఉన్న బర్డ్స్‌విల్‌లోనే. మధ్యలో ఏమీ లేదు. 1960లలో చమురు వెతికిన ఫ్రెంచి కంపెనీ వేసిన ఫ్రెంచ్ లైన్ మీదుగా ఆ దూరం 500 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఉత్తర దక్షిణాలుగా పరుచుకున్న సమాంతర దిబ్బలు వెయ్యికి పైగా. వాటిని ఒకదాని తరవాత ఒకటి అడ్డంగా దాటుతూ పోవాలి. బర్డ్స్‌విల్ దగ్గరున్న బిగ్ రెడ్ దిబ్బ 40 మీటర్ల ఎత్తు.

లెక్క ఇలా వేయండి. 500కు 15 శాతం కలపండి. ఎక్కలేక వెనక్కి వచ్చిన దిబ్బలు, దారి చూడ్డానికి తిరిగిన తిరుగుడు, ఐర్ క్రీక్ అనే వాగులో నీళ్ళుంటే వేయాల్సిన చుట్టు, అన్నీ ఇందులోకే వస్తాయి. 575 కిలోమీటర్లు. లోడుతో ఉన్న పెద్ద డీజిల్ బండికి ఇక్కడ లీటరుకు 5 అనుకోండి. 115 లీటర్లు. దాని మీద నాలుగో వంతు రిజర్వు, అంటే 29. మొత్తం 144. లాండ్ క్రూయిజర్ 79 ట్యాంకు 130 లీటర్లు. 20 లీటర్ల క్యాను ఒకటి తోడైతే 150. లెక్క కుదిరింది. ఇదే లెక్క 80 లీటర్ల ట్యాంకున్న బండికి వేస్తే మూడు క్యాన్లు కట్టినా 140 దగ్గరే ఆగిపోతుంది, పైగా మూడు క్యాన్ల బరువు నెత్తి మీద పడుతుంది. అద్దెకు తీసుకునేటప్పుడు బండి మోడల్ కన్నా ముందు ట్యాంకు ఎంత అని అడగండి. సింప్సన్‌కు తీసుకెళ్ళడానికి లిఖితపూర్వకంగా ఒప్పుకుంటున్నారా అని కూడా అడగండి. చాలా అద్దె ఒప్పందాలు ఈ ఎడారిని పేరు పెట్టి మరీ నిషేధిస్తాయి. ఒప్పుకోని బండితో వెళితే ఇన్సూరెన్సు వర్తించదు. అక్కడి నుంచి బండిని లాగించి తేవడం చాలా ఖరీదు.

రిజర్వు ఉంది కదా అని ధీమాగా బయల్దేరితే సరిపోదు. ఎక్కడ ఆగి లెక్క సరిచూసుకోవాలో ఇంటి దగ్గరే తేల్చుకోవాలి. 150 లీటర్లలో 30 ముట్టుకోకూడని రిజర్వు అనుకోండి. మిగిలిన 120లో సగం, అంటే 60 లీటర్లు కాలిన చోట బండి ఆపి కిలోమీటర్లు చూడండి. అప్పటికి 290 దాటి ఉంటే మీ లెక్క సరిగ్గా నడుస్తోంది. 240 దగ్గరే ఉన్నారంటే లీటరుకు 4 వస్తోందన్నమాట. ఇంకా మిగిలిన 335 కిలోమీటర్లకు 84 లీటర్లు కావాలి, ఉన్నవి 90. అంటే 6 లీటర్లతో బర్డ్స్‌విల్ చేరతారు, అదీ ఏమీ జరక్కపోతే. పైగా తూర్పుకు పోయేకొద్దీ దిబ్బలు పెద్దవవుతాయి. అక్కడ వెనక్కి తిరగాలి. తిరుగు దారిలో ఇంకో చిక్కుంది. దిబ్బల పడమటి వాలు సాఫీగా, తూర్పు వాలు నిటారుగా ఉంటుంది, అందుకే పడమర నుంచి తూర్పుకు దాటడం తేలిక. వెనక్కి తిరిగితే ఆ నిటారు వాలే ఎక్కాలి, డీజిల్ ఎక్కువ కాలుతుంది. ఆ రిజర్వు 30 లీటర్లు అందుకే. ఈ నిర్ణయం అలసిపోయి ఉన్న సాయంత్రం వాదించుకుని తీసుకునేది కాదు. అంకెలు బెంగళూరులోనే కాగితం మీద రాసి, నలుగురూ ఒప్పుకుని, ఆ కాగితం డ్యాష్‌బోర్డులో పెట్టుకోండి.

అసలు విషయానికి ఇప్పుడొస్తున్నాను. డీజిల్ లీటరు దాదాపు 0.83 కిలోలు. క్యాను ఇనుముతో కలిపి 20 లీటర్లకు 21 కిలోలు. ఇది పెద్ద బరువు కాదనిపిస్తుంది. మిగతావి కూడా కలిపి చూడండి. నలుగురు మనుషులు 300 కిలోలు. నీళ్ళు మనిషికి రోజుకు 6 లీటర్ల చొప్పున, నాలుగు రోజుల ప్రయాణానికి ఆరు రోజుల సరుకు ఉండాలి కాబట్టి 144 కిలోలు. రెండో స్టెప్నీ 35. కంప్రెసర్, పార, జాకీ, శాండ్ బోర్డులు (దిగబడిన టైర్ల కింద వేసే పలకలు), తాళ్ళు, పనిముట్లు 70. ఫ్రిజ్, తిండి 60. టెంట్లు, పడకలు, బట్టలు, స్టవ్ 100. క్యానుతో కలిపి 730 కిలోలు. చాలా బండ్లు ఇంత మోయలేవు. కంపెనీ చెప్పిన స్థూల బరువులోంచి (లోడుతో కలిపి బండి దాటకూడని బరువు) కర్బ్ బరువు (ఖాళీ బండి బరువు) తీసేస్తే వచ్చేదే మీరు మోపగలిగేది. ముందు గార్డు, రూఫ్ ర్యాక్, వించ్ లాంటివి బిగించి ఉంటే అవీ అందులోంచే పోతాయి. కర్బ్ బరువులో నిండు ట్యాంకును కలిపారో లేదో కూడా కనుక్కోండి. 130 లీటర్లంటే 108 కిలోలు.

పరిమితి దాటిన బండి ఎడారిలో మెల్లమెల్లగా పాడవుతుంది. వెనక స్ప్రింగు పట్టీలు విరుగుతాయి, షాక్ అబ్జార్బర్లు వేడెక్కి కారిపోతాయి, టైర్లు పక్కల నుంచి చిరుగుతాయి. ఇసుకలో ఎక్కువ దిగబడుతుంది, దిగబడితే డీజిల్ ఎక్కువ తాగుతుంది. అంటే డీజిల్ సరిపోదేమోనని ఎక్కించిన అదనపు క్యాన్లే డీజిల్‌ను తినేస్తాయి. మీరు క్యాన్లు ఎన్ని అని అడిగినప్పుడు నేను బండిలోంచి ఏం దింపగలరని అడగాలనుకున్నది ఇందుకే.

రెండు బండ్లు ఎందుకో కూడా ఈ లెక్కలోనే ఉంది. బండికి ఇద్దరే అయితే మనుషులు 150, నీళ్ళు 72, క్యాను 21, స్టెప్నీ 35, సామాను 70, తిండి 45, టెంటు బట్టలు 60. మొత్తం 453. ఒక్కసారిగా లెక్క లొంగుతుంది. పైగా ఒకటి దిగబడితే రెండోది లాగుతుంది, ఒకదాని ట్యాంకు రాయి తగిలి కారితే రెండోదాని డీజిల్ ఉంటుంది, ఒకటి పూర్తిగా ఆగిపోతే నలుగురూ రెండోదాంట్లో బయటపడొచ్చు. మీకు తెలిసిన ఇంకో జంట దొరికితే వాళ్ళను కలుపుకోండి, లేదా ఖర్చు పెరిగినా ఇద్దరిద్దరుగా రెండు బండ్లు తీసుకోండి. రెండూ ఒకే మోడల్ అయితే స్టెప్నీలు, బెల్టులు, ఫిల్టర్లు ఒకదానికొకటి పనికొస్తాయి.

రూఫ్ మీద ఎందుకు వద్దంటే, రెండు క్యాన్లు 42 కిలోలు నేలకు రెండు మీటర్ల ఎత్తున ఉంటాయి. దిబ్బ మీద బండి పక్కకు వాలినప్పుడు, నెత్తిన నిండు బిందెతో పొలం గట్టు మీద నడిచేవాడు కాలు జారినట్టే ఉంటుంది. దిబ్బను పక్కవాటుగా ఎక్కకండి, దిగకండి, నేరుగానే. రూఫ్ మీద తేలికైనవే పెట్టండి, పరుపులు, ఖాళీ సంచులు లాంటివి. క్యాను వెనక తలుపు మీద గట్టి బ్రాకెట్లోనో, ట్రేలోనో ఉండాలి. మనుషులు కూర్చునే చోట ఎప్పుడూ వద్దు. ట్యాంకులో 20 లీటర్ల చోటు ఏర్పడగానే క్యానులో ఉన్నది పోసేయండి, చివరి దాకా దాచుకోకండి. బరువు కిందికి దిగుతుంది, క్యాను కారుతోందా, డీజిల్‌లో నీళ్ళున్నాయా అన్నది కూడా వెనక్కి తిరిగే వీలున్నప్పుడే తెలుస్తుంది. గరాటులో జల్లెడ ఉండాలి. క్యాను నిండా నింపకండి. 20 డిగ్రీల వేడి పెరిగితే 20 లీటర్ల డీజిల్ దాదాపు మూడో వంతు లీటరు పెరుగుతుంది. నింపేటప్పుడు క్యాను నేల మీద ఉండాలి, బండిలో కాదు. పోసేటప్పుడు ఇంజను ఆపి, స్టవ్ దూరంగా.

మన దేశంలో తీసుకెళ్ళేటప్పుడు చట్టం కూడా తెలిసుండాలి. 1934 పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా పెట్రోలు 30 లీటర్ల దాకానే దగ్గర ఉంచుకోవచ్చు, అదీ గట్టి మూత ఉన్న ఇనుప పాత్రలో, ఒక్కో పాత్ర 25 లీటర్లు మించకుండా. డీజిల్ వేరే తరగతి, దాని పరిమితి మీ అవసరానికి చాలా ఎక్కువ. ప్లాస్టిక్ డబ్బాల్లో మాత్రం ఏదీ వద్దు. మీ స్నేహితుల్లో ఎవరికైనా జిమ్నీ ఉంటే అది పెట్రోలుది, 40 లీటర్ల ట్యాంకు. అతను జైసల్మేర్‌కు కలిసి వస్తే ఈ 30 లీటర్ల సంగతి అతనికి చెప్పండి.

టైరు గాలి గురించి చాలామంది రాశారు కాబట్టి క్లుప్తంగా. రోడ్డు మీద 32 పీఎస్ఐ ఉంటే ఇసుకలో దిగగానే 18కి దించండి, దిగబడితే 15కి. ఆ గాలితో వేగంగా మలుపు తిప్పితే టైరు రిమ్ములోంచి ఊడిపోతుంది. గాలి దించకుండా యాక్సిలరేటర్ తొక్కేవాళ్ళకే డీజిల్ రెండింతలు కాలుతుంది. గట్టి నేల మీదికి రాగానే మళ్ళీ నింపండి. గేజీ రెండు ఉంచండి.

లాగడం విషయంలో మాత్రం ఒక్క మాట కూడా వదలకుండా చదవండి. టో బాల్‌కు (బండి వెనక ట్రైలరు తగిలించే ఇనుప గుండు) తాడు తగిలించి లాగకండి. దిగబడిన బండి మీద కైనెటిక్ రోప్ సాగి తిరిగి దగ్గరయ్యేటప్పుడు ఆ బలానికి బాల్ విరిగితే తుపాకీ గుండులా అద్దం చీల్చుకుని లోపలికొస్తుంది. మనుషులు చనిపోయారు. ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన, బరువు రేటింగ్ ఉన్న హుక్కులకే సాఫ్ట్ షాకిల్‌తో (గట్టి తాడుతో అల్లిన కొక్కెం) కట్టండి. మిగతా ఇద్దరూ తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో, పక్కగా నిలబడాలి. ముందు పారతో టైర్ల ముందు ఇసుక తీసి, గాలి దించి, బోర్డులు వేసి చూడండి. పదింట తొమ్మిది సార్లు తాడు అవసరమే రాదు.

సింప్సన్‌లో ముళ్ళ గడ్డి స్పినిఫెక్స్ ఉంటుంది. దాని గింజలు రేడియేటర్ జాలీని మూసేస్తాయి, బండి అడుగున ఎగ్జాస్ట్ పైన పేరుకుంటాయి. అలా బండ్లు తగలబడ్డాయి. ప్రతి ఆగుట దగ్గరా వంగి కింద చూడండి, ఒక ఇనుప కడ్డీతో ఊడబెరకండి. మంట ఆర్పే సిలిండరు డ్రైవరు చేతికందాలి, సామాను కింద కాదు. డీజిల్ బండికి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉంటే అది ఆ మసిని తనంతట తాను కాల్చుకునేటప్పుడు ఎండు గడ్డి మీద ఆపకండి. దిబ్బ అవతల నుంచి వచ్చే బండికి మీరు కనిపించాలంటే నేలకు 3.5 మీటర్ల ఎత్తున జెండా ఉండాలి, అది అక్కడ నియమం కూడా. రేడియోలో అక్కడ వాడే ఛానెల్ 10. సింప్సన్ ఎడారి పార్కు డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వేడి వల్ల మూసి ఉంటుంది. జూలై మంచి నెల, రాత్రుళ్ళు మాత్రం సున్నా దగ్గరికి పడిపోతాయి.

ఇక సమాచారం. 2024 ఆగస్టులో సౌదీ రబ్ అల్ ఖాలీ ఎడారిలో మన తెలంగాణ యువకుడొకరు, తోటి ఉద్యోగితో కలిసి పనిమీద వెళ్ళి ప్రాణాలు కోల్పోయిన వార్త మీరూ చదివే ఉంటారు. పత్రికల్లో వచ్చిన ప్రకారం జీపీఎస్ పని చేయలేదు, బండిలో ఇంధనం అయిపోయింది, ఫోను ఆగిపోయింది. నాలుగో రోజు బండి పక్కనే దొరికారు. ఆ వార్త నన్ను ఇప్పటికీ వదలలేదు. బతుకుతెరువు కోసం వెళ్ళినవాళ్ళకు తమ బండిలో ఏముండాలో ఎంచుకునే అవకాశం ఉండకపోవచ్చు. మీకుంది. 1963 డిసెంబరులో బర్డ్స్‌విల్ ట్రాక్ మీద పెట్రోలు అయిపోయిన ఒక కుటుంబం కారు వదిలి నడిచింది, ఐదుగురూ చనిపోయారు. బండి దగ్గరే ఉండాలి. పైనుంచి వెతికేవాళ్ళకు కారు కనిపించినంత తేలిగ్గా మనిషి కనిపించడు. నీడ, నీళ్ళు, అద్దం అన్నీ అక్కడే ఉంటాయి. కానీ ఎవరూ వెతకడానికి రాకపోతే బండి దగ్గర ఉన్నా లాభం లేదు. కాబట్టి వెతికేవాళ్ళకు కబురందాలి.

ఆస్ట్రేలియాలో శాటిలైట్ ఫోను, పీఎల్‌బీ (ఆపదలో మీటనొక్కే చిన్న సంకేత పరికరం) రెండూ అద్దెకు దొరుకుతాయి. పీఎల్‌బీ 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకు సంకేతం పంపుతుంది. అక్కడ అది కాన్‌బెర్రాలోని రెస్క్యూ కేంద్రానికి చేరుతుంది. ఈ సంకేతాలను అందుకునే కోస్పాస్-సార్‌శాట్ అనే అంతర్జాతీయ ఉపగ్రహ వ్యవస్థకు మన దేశపు కేంద్రం మీ ఊళ్ళోనే ఉంది, పీణ్యలోని ఇస్రో ఇస్ట్రాక్‌లో. జైసల్మేర్‌కు మాత్రం శాటిలైట్ ఫోను గానీ, ఇన్‌రీచ్ లాంటి మెసెంజర్ గానీ టెలికాం శాఖ అనుమతి లేకుండా తీసుకెళ్ళకండి. మన దేశంలో అది నేరం, సరిహద్దు దగ్గరైతే మరీ. బండి నుంచి బండికి మాట్లాడుకోవడానికి 446.0-446.2 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే తక్కువ శక్తి వాకీటాకీలకు 2018 నుంచి లైసెన్సు అక్కర్లేదు, అవి చాలు.

ఇంట్లో ఒక మనిషికి కాగితం ఇచ్చి వెళ్ళండి. ఏ దారి, ఏ రోజు ఎక్కడ రాత్రి బస, బండి నంబర్లు, రంగు, నీళ్ళు ఎన్ని రోజులకు, ఏ రోజు ఏ గంటలోగా ఫోను చేస్తారు, చేయకపోతే ఎవరికి ఫోను చేయాలి. ఆ చివరి గంటను ఆ మనిషి చేత చదివించి, ఖచ్చితంగా చేస్తానని మాట తీసుకోండి. భయపడతారని అమ్మానాన్నలకు చెప్పకుండా వెళ్ళేవాళ్ళుంటారు. కనీసం అన్నకో అక్కకో చెప్పండి.

డిసెంబరుకు ముందు చేయాల్సిన పని ఒకటి. థార్‌లో మనుషులతో సహా అన్నీ ఎక్కించి, హోసూరు రోడ్డు మీద లారీల వేబ్రిడ్జి దగ్గర బండి మొత్తాన్నీ, తరవాత ముందు ఇరుసునూ వెనక ఇరుసునూ విడివిడిగా తూకం వేయించండి. మీ అపార్టుమెంటు బేస్‌మెంటులో స్టెప్నీ ఒకసారి నలుగురూ విడివిడిగా మార్చండి. జాకీ కింద పెట్టడానికి ఒక చదరపు ప్లైవుడ్ ముక్క కోయించుకోండి, లేకపోతే ఇసుకలో బండి లేవదు, జాకీయే దిగిపోతుంది. తూకం చీటీ, నోటుబుక్కులో మొదటి ఐదారు ఫుల్ ట్యాంకుల లెక్క, మీరు చూసుకున్న అద్దె బండి ట్యాంకు సైజు ఇక్కడ రాయండి. సింప్సన్ అంకెలు మీ బండికి తగ్గట్టు మళ్ళీ వేసి చెప్తాను.